మోకాళ్ళ సంగతి అడగని మెయిలు

పట్నం నుంచి
సోమవారం

పిచ్చుకా,

దుప్పట్ల మూట అందింది. ఉతికించాను, ఇస్త్రీ నేనే చేశాను, ఒక్కొక్కదాన్నీ కిటికీ దగ్గర వెలుగుకి ఎత్తి చూసి మరీ మడతపెట్టాను. ఈ ఉత్తరం ఎప్పటిలాగే పైనున్న దిండు గలీబులో ఉంటుంది. పోయినసారి నువ్వు చూసుకోకుండా ఉత్తరంతో సహా దిండుకి తొడిగేశావు. మన ఇంటి గుట్టంతా తలకింద పెట్టుకుని ఎవరో పెద్దమనిషి హాయిగా నిద్రపోయాడు. ఈసారైనా కళ్ళు తెరిచి చూడు.

మీ కొండమీద ఈ చలికాలం ఎండ మొహం చాటేసింది కాబట్టి దుప్పట్లు బస్సెక్కి నా దగ్గరికి దిగుతున్నాయి. రోడ్డు మలుపు దగ్గర తప్ప సిగ్నలు దొరకదు కాబట్టి నీ అతిథుల మెయిళ్ళూ నా దగ్గరికే వస్తున్నాయి. ఇక నీ అతిథిగృహంలో నీకు మిగిలినవి నాలుగు గదులు, వంటావిడ, పొగమంచు. అయినా బోర్డు మీద యజమానివి నువ్వే. పెట్టిపుట్టావు.

సంవత్సరం చివరి సెలవులు దగ్గరపడేసరికి మెయిలు తెరిస్తే చేపల బజారులా ఉంటోంది. గది కావాలని రాసేవాళ్ళు కొందరైతే, నా కళ్ళలో కారం కొడదామని చూసేవాళ్ళు చాలామంది. "మీ పార్శిలు దారిలో ఆగిపోయింది, విడిపించుకోవడానికి ఇక్కడ నొక్కండి" అని ఒకడు. నేనేమీ తెప్పించుకోలేదు, ఆగిపోవడానికి. "మీకు విమానం టికెట్టు బహుమతి" అని ఇంకొకడు. బస్సెక్కితేనే నాకు కళ్ళు తిరుగుతాయని పాపం వాడికి తెలియదు. పాట పాడే శుభాకాంక్షల కార్డు కూడా వచ్చింది, పేరు లేకుండా. నాకు పాట వినిపించాలన్న ముచ్చట ఎవరికుందో గానీ, మీ అన్నయ్యకి మాత్రం లేదు. అన్నీ తీసి చెత్తబుట్టలో పారేశాను. పంపినవాడి పేరు చూడకూడదు, పేరు పక్కనున్న అడ్రసు చూడాలి. పేరుదేముంది, ఎవడైనా ఏదైనా పెట్టుకుంటాడు. నీకూ మలుపు దగ్గర ఫోను తెరిచే అలవాటుంది కదా, అందుకని చెబుతున్నాను. నా దగ్గర మాత్రం ఆ పప్పులు ఉడకవు.

నిజమైన అతిథులకి ఏ రోజు జవాబు ఆ రోజే. ఎంతమంది వస్తున్నారు, పిల్లలు ఏ వయసువాళ్ళు, మోకాళ్ళ నొప్పులు ఎవరికున్నాయి, పై గది మెట్లు ఎక్కగలరా, తడిబూట్లు గుమ్మం బయటే విప్పుతారా, అన్నీ అడుగుతాను. మీ అన్నయ్య నా భుజం మీదుగా చదివి, "గది అద్దెకిస్తున్నావా, పరీక్ష పెడుతున్నావా?" అన్నారు. ఆయన పనిచేసే లేత్ షాపులో ఇనప ముక్కలకి మోకాళ్ళుండవు, ఏం తెలుస్తుంది.

ఆ బుకింగు కంపెనీ మనిషి మళ్ళీ వచ్చాడని రాశావు. గదులు ఇచ్చే పనీ, ఉత్తరాలు రాసే పనీ మొత్తం వాళ్ళకి అప్పగించమన్నాడని మీ అన్నయ్యకి చెబితే, "మంచిదేగా, నీకూ తీరిక" అన్నారు. ఆ తీరిక నేనేం చేసుకోను? ఈ ఇంట్లో వంట అందరిదీ. కుర్చీ మీ అన్నయ్యది. ఇంటి లెక్కలు రాసేది నేనైనా, వాటిలో ఉండేవి కూరగాయలవాడూ పాలవాడూనే. ఆ మెయిలు ఒక్కటే నాది. దాన్ని కూడా తీసుకుపోతే నేను వంటింట్లో స్టూలు మీద కూర్చుని గోడ చూడాలి. నిర్ణయం నీదే, నీ ఇల్లు. కానీ సీజను అయ్యేదాకా ఆగమని అతనికి చెప్పు.

చలికి ఆ పాత స్వెట్టరు వేసుకోకు, మోచేతుల దగ్గర గాలి దూరుతుంది.

వదిన


కొండమీద నుంచి
గురువారం

వదినా,

ఈసారి ఉత్తరం దొరికాకే గలీబు తొడిగాను. సంతోషమా?

ఇక్కడ పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, నిన్న ఒకాయన మన తోటలో నిలబడి "అతిథిగృహం ఎక్కడండీ" అని నన్నే అడిగాడు. కుంపటి పొగ సగం బయటికీ సగం నా కళ్ళలోకీ పోతోంది. వంటావిడకీ ఒక అతిథికీ గుడ్డు ఎంతసేపు ఉడకాలన్నదాని మీద గొడవ. ఆయన గడియారం చూపించాడు. ఈవిడ గరిటె చూపించింది. గరిటే గెలిచింది.

ఒక తమాషా జరిగింది. మన ఓడల ఇంజనీరుగారు లేరూ, ఏటా ఇదే రోజుల్లో వచ్చే ఆయన, ఇవాళ పొద్దున్న ఇంటి ఫోనుకి చేశారు. ఎత్తగానే "మీ వదినకి ఒంట్లో బాగాలేదా అమ్మా?" అన్నారు. "ఏమైందండీ?" అన్నాను.

"మీ దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. 'గౌరవనీయులైన అతిథిగారికి' అని మొదలుపెట్టారు. గది ఖాయం చేసుకోవాలంటే ఈ లింకు నొక్కి కార్డు వివరాలు నింపాలట. రేపటికల్లా నింపకపోతే రద్దట. మర్యాద పొంగిపొర్లుతోంది."

"మేం డబ్బు మీరు వచ్చాకే కదండీ తీసుకుంటాం?"

"అదొకటి. అసలు సంగతి వేరే. మీ వదిన రాస్తే ముందు నా మోకాళ్ళ సంగతి అడుగుతుంది. తర్వాత, పోయినేడు తడిబూట్లతో లోపలికొచ్చానని గుర్తుచేస్తుంది. ఇందులో ఆ రెండూ లేవు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అందుకని ఆవిడకి జ్వరమేమో అనుకుని, ఏదీ నొక్కకుండా నీకు ఫోను చేశాను."

ఫోను పెట్టేశాక చాలాసేపు నవ్వుకున్నాను. తర్వాత అనుమానం వచ్చింది. ఆయన వేరే హోటలు మెయిలు చూసి మనదనుకున్నారా? నువ్వు అలాంటిదేమైనా పంపావా? "గౌరవనీయులైన" అన్న మాట నీ కలంలోంచి రాదని నాకు తెలుసు. అన్నయ్యనే నువ్వు అలా పిలవలేదు ఎప్పుడూ.

కంపెనీ మనిషికి సీజను అయ్యాక మాట్లాడదామని చెప్పాను. వరండాలో కూర్చుని టీ తాగి, "మా దగ్గర శిక్షణ పొందినవాళ్ళు రాస్తారు మేడమ్" అన్నాడు. మా వదినకి శిక్షణ ఇచ్చింది మా అమ్మ అని చెప్పబోయి ఊరుకున్నాను. భయపడతాడని.

పిచ్చుక


పట్నం నుంచి
శనివారం

పిచ్చుకకి,

ఉత్తరం అందింది. ఇంజనీరుగారి సంగతి నేను చూస్తాను. ప్రస్తుతానికి మన అడ్రసు నుంచి మెయిలు వచ్చిందని ఎవరు ఫోను చేసినా, ఏమీ నొక్కవద్దని, ఏమీ కట్టవద్దని చెప్పు. నా పేరుతో నీకు ఏదైనా వస్తే నువ్వూ తెరవకు.

ఇంకొకటి. పోయిన వారం మూడో గదిలో ఏ దుప్పటి పరిచావు? పరిచేముందు వెలుగుకి ఎత్తి చూశావా? కాళ్ళవైపు గోధుమరంగు మరకలాంటిది ఏమైనా ఉందా? వంటావిడ టీ గ్లాసు పట్టుకుని ఆ గదిలోకి వెళ్ళిందేమో అడుగు. నేను ఇక్కడ అన్నీ చూసే పంపాను. అయినా గుర్తు తెచ్చుకుని రాయి.

తువ్వాళ్ళు కూడా ఈ మూటలోనే ఉన్నాయి.

మీ అన్నయ్య బాగున్నారు. ఈ సంగతులేవీ ఆయనతో ఫోనులో అనకు.

వదిన


కొండమీద నుంచి
సోమవారం

వదినా,

"పిచ్చుకకి" ఏమిటి? కరెంటు బిల్లు కట్టలేదని నోటీసు పంపుతున్నావా? ఉత్తరం అటూ ఇటూ తిప్పి చూశాను, వెనకవైపు ఏమైనా తిట్లున్నాయేమోనని. లేవు. నాకు భయం వేసింది.

నేను చేసిన తెలివితక్కువ పని ఇంకొకటి ఉంది. నీ ఉత్తరంలో టీ గ్లాసు ముక్క వంటావిడకి చదివి వినిపించాను. "గ్లాసు పట్టుకుని గదుల్లో తిరగడానికి నేనేమన్నా పెళ్ళికొచ్చిన చుట్టాన్నా?" అంది. అప్పటినుంచి నాతో మాట్లాడటం లేదు, గిన్నెలతో మాట్లాడుతోంది. ఇవాళ రొట్టె మాడింది. అతిథులందరూ చాలా బాగుందని తిన్నారు, ఆవిడ మొహం చూసి.

నేనూ చెబుతున్నాను విను. దుప్పటి పరిచేముందు వెలుగుకి ఎత్తి చూడటం నువ్వు నేర్పిన పనే. చూడకుండా నేను ఏ రోజూ పరచలేదు. పైగా నువ్వడిగిన వారం మూడో గదిలో ఎవరూ దిగలేదు. కిటికీ గడియ విరిగితే, వడ్రంగి వచ్చేదాకా తాళం వేసి ఉంచాను. ఉత్తి మంచం ఉంది అక్కడ, పరుపు కూడా గోడకి నిలబెట్టాను. మనుషులే లేని గదిలో మరక ఎవరు వేస్తారు వదినా?

ఇక అసలు విషయం. నిన్న కొత్తగా పెళ్ళయిన టీచర్ల జంట వచ్చారు. డబ్బు ముందే కట్టేశామని ఫోనులో రసీదు చూపించారు. మన అతిథిగృహం పేరే ఉంది, బొమ్మతో సహా. నేను కంగారుపడలేదు. వాళ్ళని పై గదిలోకి పంపి, కుంపటి పెట్టించి, కాస్త వేడెక్కాక మెల్లగా చెప్పాను. ఆ అమ్మాయి మొగుడివైపు చూసి, "నేను చెప్పానా, నువ్వు విన్నావా" అంది. అతను నేలవైపు చూశాడు. వాళ్ళ దగ్గర నేను మళ్ళీ తీసుకోను. అది వదిలెయ్.

రెండోది నాకు నిద్ర పట్టనివ్వడం లేదు. ఆసుపత్రిలో నర్సు ఒకావిడ, చిన్న కూతురితో వస్తానని రాసింది కదా, ఆవిడ ఫోను చేసింది. ఆవిడా ఆ లింకులో కార్డు వివరాలు నింపిందట. ఇంకెవరో ఆ కార్డుతో ఏవేవో కొనేశారట. అరవలేదు, తిట్టలేదు. "మేం రావడం లేదండీ" అంది. వెనకాల పాప "అమ్మా, కొండ?" అంటోంది. నేను మాట్లాడేలోపే పెట్టేసింది.

ఊళ్ళో పాకిపోయింది ఈ సంగతి. కంపెనీ మనిషి బస్టాపులో కనిపించి "చూశారా మేడమ్" అన్నాడు. ఆ రెండు మాటలే. ఇవేవీ తెలియని అన్నయ్య కూడా ఫోను చేసి "వాళ్ళకి అప్పగించెయ్" అన్నాడు. అతను గురువారం కాగితాలు తీసుకుని వస్తాడట.

మెయిలు నువ్వు పంపావా అని నేనడిగితే, నువ్వు దుప్పటి గురించి అడుగుతావు. ఏం దాస్తున్నావు? నా దగ్గర కూడానా?

పిచ్చుక


పట్నం నుంచి
మంగళవారం

పిచ్చుకా,

మూడో గదికి తాళం వేసి ఉందన్న ముక్క చదివి అలాగే మంచం మీద కూర్చుండిపోయాను.

నీకు పోయిన వారం సోమవారం ఉత్తరం రాసిన మర్నాడు ఒక మెయిలు వచ్చింది. "పోయిన వారం మీ మూడో గదిలో బసచేశాం. దుప్పటి మీద అసహ్యమైన మరక ఉంది. ఫోటో జతచేశాం. మీరు పట్టించుకోకపోతే నలుగురికీ చెబుతాం" అని. అంతే. బహుమతి లేదు, పార్శిలు లేదు, పాట లేదు. ఉత్త మరక. నేను ఉతికించి, నేను ఇస్త్రీ చేసి, నేను వెలుగుకి ఎత్తి చూసిన దుప్పటి మీద.

చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. అది పక్కన పెట్టి ఫోటో మీద నొక్కాను. "చూడటానికి మీ పాస్‌వర్డు మళ్ళీ ఇవ్వండి" అని వచ్చింది. ఇచ్చాను. ఫోటో రాలేదు. మళ్ళీ ఇచ్చాను. అప్పుడూ రాలేదు. తప్పు కొట్టానేమోనని కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి ఇచ్చాను. పంపినవాడి పేరు పక్కనున్న అడ్రసు చూశానా? నీకు అంత పాఠం చెప్పినదాన్ని, చూడలేదు. ఆ అడ్రసు తర్వాత చూశాను. పిల్లి కీబోర్డు మీద నడిచినట్టుంది. మూడో గదిలో ఎవరు దిగారో నిన్నొక్క మాట అడిగినా అయిపోయేది. సిగ్గేసి అడగలేదు. బహుమతంటే నమ్మనిదాన్ని, మరకంటే నమ్మేశాను.

ఆ రోజు ఇంక ఏ పనిమీదా మనసు లేదు. టీచర్లూ, ఆ నర్సుగారూ గది కావాలని రాసింది ఆ రోజే. "గది ఉంది, వివరాలు రేపు రాస్తాను" అని ఒక్క ముక్కతో సరిపెట్టాను. నేను ఎప్పుడూ అలా రాయను. ఆ వివరాలు నా బదులు వాడు రాశాడు.

ఆ సిగ్గుతోనే తర్వాత మెయిలు ముట్టుకోలేదు, నీ గురువారం ఉత్తరం చదివాక తెరవబోతే నా పాస్‌వర్డు పనిచేయలేదు. వాడు మార్చేశాడు. అప్పటికి నాకు అర్థమైంది, కానీ నీకు రాయడానికి చెయ్యి రాలేదు. మరక సంగతైతే రాయగలిగాను. అది నిజమనే అనుకుంటున్నాను అప్పటికి. ఇంటికి దొంగ వచ్చి పోయాడని తెలిసి కూడా, దుప్పటి మాసిందా అని అడిగాను చూడు.

మన మేడమీద అద్దెకుండే బ్యాంకు అమ్మాయి లేదూ, ఆ అమ్మాయిని పిలిచాను. మెయిలు తిరిగి మన చేతికి రావడానికి రెండు రోజులు పట్టింది. కొత్త పాస్‌వర్డు పెట్టింది, ఇంకెక్కడా వాడనిది. ఇకమీదట కొత్త చోటు నుంచి ఎవరు తెరవాలన్నా నా ఫోనుకి వచ్చే అంకెలు కావాలి, ఆ అంకెలు ఎవరడిగినా చెప్పకూడదట. మనకొచ్చే ప్రతి మెయిలూ తనకీ చేరేలా వాడు చాటుగా ఒక ఏర్పాటు చేసుకుని పోయాడు, అది కూడా వెతికి తీసేసింది. పాస్‌వర్డు ఒక్కటే మార్చి ఊరుకుంటే వాడు లోపలే ఉండేవాడన్నమాట.

వాడు పంపిన మెయిళ్ళన్నీ చదివాను. ఒళ్ళు మండిపోయింది. ఎంత బాగా రాశాడనుకున్నావు. ఒక్క అక్షరం తప్పు లేదు. చివర "నిర్వాహకులు" అని నేను పెట్టినట్టే పెట్టాడు.

ఇవాళ పొద్దుటినుంచి వరసగా అందరికీ ఫోన్లు చేశాను. ఆ మెయిలు మాది కాదు, తప్పు మాత్రం నాది అని చెప్పాను. మొదటివాళ్ళకి కాగితం మీద రాసుకుని చదివాను. తర్వాత అలవాటైంది. టీచర్లు నీ దగ్గరే ఉన్నారు కాబట్టి, కార్డు వెంటనే ఆపించమని, బ్యాంకులో ఫిర్యాదు ఇవ్వమని నువ్వు చెప్పు. నర్సుగారు మాత్రం ఫోను ఎత్తలేదు. కొత్త నంబరంటేనే ఇప్పుడు ఆవిడకి భయమేమో.

మీ అన్నయ్యకి కూడా చెప్పేశాను. ఆయన లేచి వెళ్ళి, నేను మర్చిపోయిన ఇస్త్రీపెట్టె ప్లగ్గు తీసి, "టీ పెడతాను, కూర్చో" అన్నారు. తిట్టినా బాగుండేది.

అందుకని చెబుతున్నాను. సీజను అయ్యేదాకా ఆగొద్దు. ఎల్లుండి ఆ కంపెనీ మనిషి తెచ్చే కాగితాల మీద సంతకం పెట్టెయ్. వాళ్ళకి శిక్షణ ఉంది, నాకు దుప్పట్ల పిచ్చి ఉంది. కొత్త పాస్‌వర్డు కాగితం మీద రాయను, నీ గొంతు విని ఫోనులో చెబుతాను. దుప్పట్లు మాత్రం పంపుతూ ఉండు. అవి నేను చూసుకోగలను.

వంటావిడని తప్పుపట్టినందుకు నా మాటగా క్షమించమని చెప్పు.

వదిన


కొండమీద నుంచి
గురువారం

వదినా,

చదువుతూ మొదట నవ్వాను, పిల్లి కీబోర్డు దగ్గర. అన్నయ్య టీ పెట్టాడన్న చోట ఏడ్చాను. వంటావిడ గుమ్మం దగ్గర నిలబడి "ఏమిటట?" అంది. మొత్తం చదివి వినిపించాను. కాసేపు గరిటె కడుక్కుంటూ ఆలోచించి, "నా రొట్టెలో వెంట్రుక వచ్చిందని ఎవడైనా ఫోటో పంపితే నేనూ తెరిచేదాన్నే. పాస్‌వర్డు ఏంటి, ఇంటి తాళాలు కూడా ఇచ్చేదాన్ని" అంది. గిన్నెల చప్పుడు ఆగింది. ఇవాళ రొట్టె మాడలేదు. అతిథులు నిన్నటిదే బాగుందన్నారు.

ఇప్పుడు నేను చెప్పేది కూర్చుని విను.

నువ్వు ఫోన్లు చేశాక చాలామంది తిరిగి నాకు చేశారు. వాడి మెయిలు దాదాపు అందరికీ వెళ్ళింది. అందులో మన పాతవాళ్ళు ఒక్కరు కూడా నొక్కలేదు. ఎందుకు నొక్కలేదో ఎవరి కారణం వాళ్ళది. రిటైరైన హెడ్మాస్టరుగారమ్మాయి, "మీ వదినగారు నా దగ్గు గురించి అడగకుండా మెయిలు ముగించరు" అంది. ఆ కవలపిల్లల తండ్రి, "పిల్లలు గోడల మీద బొమ్మలు గీస్తే ఊరుకోనని ఇందులో లేదు. అప్పుడే అనుకున్నాను" అన్నాడు. మోసపోయింది టీచర్లూ, నర్సుగారూ. నువ్వు ఇంకా సరిగ్గా ఉత్తరం రాయనివాళ్ళు. తేడా అర్థమైందా? నీ చాదస్తం అందుకున్నవాళ్ళకి ఏమీ కాలేదు.

కంపెనీ మనిషి కాగితాలతో ఇవాళ వచ్చాడు. అన్నయ్య మాట, నీ మాట, రెండూ నా చెవిలో ఉన్నాయి. కలం కూడా తీశాను. సంతకం పెట్టేముందు, "మా అతిథులకి మీరెలా రాస్తారో ఒకటి చూపించండి" అన్నాను. సంచీలోంచి అచ్చువేసిన నమూనా తీశాడు. "గౌరవనీయులైన అతిథిగారికి" అని ఉంది వదినా. నేను టీచర్ల ఫోను అడిగి తెచ్చి, దొంగ మెయిలు దాని పక్కన పెట్టాను. "వీటిలో మీది ఏదండీ?" అన్నాను. అతను కళ్ళజోడు సర్దుకుని రెండూ చదివాడు. మళ్ళీ చదివాడు. "మాది కాగితం మీద ఉంది మేడమ్" అన్నాడు.

"రేపు ఎవడైనా మీ పేరుతో రాస్తే మా ఇంజనీరుగారు ఎలా కనిపెడతారు?"

"మేం అందరికీ ఒకేలా రాస్తాం మేడమ్. అదే మా పద్ధతి" అన్నాడు, పాపం నిజాయితీగానే.

కలం మూత పెట్టేశాను. టీ ఇచ్చి పంపాను. మంచివాడే, గ్లాసు తనే తెచ్చి వంటింట్లో పెట్టాడు.

కాబట్టి నీ రాజీనామా నాకు అందలేదు. ఆడపడుచు ఆరళ్ళు అనుకో, ఏమన్నా అనుకో. కానీ ఇకమీదట ఒకటి పాటించాలి. మరకని, బొద్దింకని, నీళ్ళు వేడిగా రాలేదని, ఏ ఫిర్యాదు వచ్చినా, ఫోటో అయినా మరొకటైనా తెరవకుండా ముందు నాకు ఇంటి ఫోనుకి చెయ్. గది నా ఎదురుగా ఉంటుంది. నేను వెళ్ళి చూసి చెబుతాను. నిజంగా మరకుంటే ఇద్దరం కలిసి సిగ్గుపడదాం. నువ్వొక్కదానివే అక్కడ కూర్చుని సిగ్గుపడటం ఏమిటి?

నర్సుగారు నా ఫోను ఎత్తింది. గది అలాగే ఉంచానని, మళ్ళీ ఏమీ కట్టక్కర్లేదని చెప్పాను. "మీరు మంచివాళ్ళలాగే మాట్లాడుతున్నారు. ఆ మెయిలు కూడా మంచిగానే ఉంది. మీరు మీరేనని నాకెలా తెలుస్తుంది?" అంది. "మా వదిన మీకు రాస్తుంది, చదివి చూడండి" అనేశాను.

రాయి వదినా. నీలాగే రాయి. కింద ఆ "నిర్వాహకులు" మాత్రం వద్దు. వాడూ అదే పెట్టాడు. అసలు నిర్వాహకులంటే ఎవరు? నేను పొయ్యి ఊదుకుంటున్నాను, నువ్వు ఇస్త్రీ చేసుకుంటున్నావు.

ఈ నెల దుప్పట్లు ఇంకా చాలా ఉన్నాయి. మూట కడుతున్నాను.

పిచ్చుక


పట్నం నుంచి
శనివారం

పిచ్చుకా,

నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. "మాది కాగితం మీద ఉంది" అన్న చోట ఆయన టీ పొలమారింది. తర్వాత కుర్చీ లాగి కంప్యూటరు ముందు వేసి, "కూర్చో మరి" అన్నారు. తన కుర్చీ. నేను కూర్చున్నాను.

నర్సుగారికి రాయడానికి నిన్న మధ్యాహ్నమంతా పట్టింది. నాలుగుసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. క్షమించమని రాస్తే వాడి మర్యాద గుర్తొచ్చింది. నమ్మమని రాస్తే, నమ్మమనేవాళ్ళని ఆవిడ ఎందుకు నమ్మాలి అనిపించింది. చివరికి ఇలా రాశాను.

"ఈ మెయిల్లో నొక్కడానికి ఏమీ లేదు, చదువుకోవడానికే. మీకు మోసపు మెయిలు వెళ్ళింది నా పొరపాటు వల్ల. నేను ఒక దొంగకి తలుపు తీశాను. ఈ మాట నిజమో కాదో తేల్చుకోవాలంటే ఇందులో ఉన్న నంబరుకి చేయకండి, అసలు ఇందులో నంబరే పెట్టలేదు. మీ ఊరి టూరిస్టు ఆఫీసులో అడిగి మా నంబరు తీసుకోండి. రావాలనిపిస్తే ఇవి చెప్పండి. మీ పాప ఎంతది? చీకటంటే భయమా? బస్సులో వాంతి అవుతుందా? అయితే ముందు సీట్లో కూర్చోండి, నాకు అనుభవం. మీరు రోజంతా నిలబడి పనిచేసేవారు, పాదాలు వాచి ఉంటాయి. కొత్త బూట్లు కొనుక్కుని రాకండి, పాతవి, అలవాటైనవి తెచ్చుకోండి. బయట ఆరేసిన పాప మేజోళ్ళు కొండమీద రెండు రోజులకి కూడా ఆరవు, కాబట్టి ఎక్కువ జతలు పెట్టుకోండి. తడిబూట్లతో లోపలికి వస్తే మా ఆడపడుచు ఏమీ అనదు గానీ, నాకు తెలుస్తుంది."

కింద ఏమని పెట్టాలో తోచలేదు. నా పేరు రాస్తే ఆవిడకి తెలియదు. నీ పేరు రాస్తే అబద్ధం. మీ అన్నయ్య వెనక నిలబడి, "వదిన అని పెట్టు" అన్నారు.

"ఊరందరికీ వదిననా నేను?"

"ఎలాగూ ఊరందరి మోకాళ్ళూ నీవే కదా" అన్నారు.

పెట్టాను. పంపేశాక రాత్రి భోజనం మధ్యలో రెండుసార్లు లేచి మెయిలు చూశాను.

ఇవాళ పొద్దున్న ఫోను మోగింది. ఒక ఆడగొంతు, చాలా జాగ్రత్తగా, "వదినగారున్నారా?" అంది. ఉన్నానన్నాను. నీ దగ్గర మా నంబరు అడిగి తీసుకుందట. నీ నంబరు టూరిస్టు ఆఫీసులో కనుక్కుందట. నాకది ఎంత నచ్చిందో.

"మీరు నాకు రాసిన మెయిల్లో బూట్ల గురించి ఏం రాశారో చెప్పండి, చూడకుండా" అంది.

చెప్పాను. మేజోళ్ళ గురించి కూడా చెప్పాను. ఎక్కడ ఆపాలో తెలియక వాంతుల గురించి కూడా చెప్పాను.

అవతల నవ్వు వినిపించింది. తర్వాత, "వచ్చే మంగళవారం పొద్దున్న బస్సుకి బయల్దేరతాం వదినగారూ" అంది. పాప ఫోను లాక్కుని, తనకి చీకటంటే భయం లేదని, కాకపోతే లైటు వెలుగుతూ ఉంటేనే నిద్ర వస్తుందని నాకు గట్టిగా చెప్పింది.

కింద గదిలో మంచం పక్కన బల్బు వెలుగుతోందో లేదో ఇప్పుడే వెళ్ళి చూసి రా.

వదిన